మెదడువాపు: ఒక పేరు వెనుక కథ



పసిబిడ్డకు జ్వరం రాని ఇల్లు వుండదు. నుదుట తడిగుడ్డ వేసి, మందు చుక్కలు పోసి, రాత్రంతా మేలుకుని, తెల్లవారేసరికి బిడ్డ నవ్వితే మనమూ నవ్వుకుంటాం. ఆ మామూలు జ్వరాల మధ్య ఎప్పుడో ఒకసారి మామూలు కానిది ఒకటి వస్తుంది. దానిని పత్రికలు "మెదడువాపు వ్యాధి" అని రాస్తాయి. ఆ ఒక్క మాట కింద ఎన్ని జబ్బులు దాక్కుని వున్నాయో, వాటిని విడదీసి గుర్తుపట్టడానికి డాక్టర్లకు ఎంతకాలం పట్టిందో, ఆ సంగతి ఈవేళ చెప్పుకుందాం.

జహీరాబాదు దగ్గర, కర్ణాటక సరిహద్దును ఆనుకుని మొగుడంపల్లి అనే వూరు వుంది. 1956 దాకా ఆ జహీరాబాదు ప్రాంతం బీదరు జిల్లాలో వుండేది. రాష్ట్రాలు మారినప్పుడు మెదకు జిల్లాలోకి వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మొగుడంపల్లి కూడా ఒక మండలం అయింది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన సీమ అది. అటువంటి వూళ్ళోనే కాదు, ఆ మాటకొస్తే మన పట్నాల్లో కూడా, జ్వరంతో వున్న పసివాడు కళ్ళు తేలవేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే పెద్దవాళ్ళు ఏమనేవారో మీకు తెలుసు. బాలగ్రహం అనేవారు. పక్షిదోషం అనేవారు. గాలి సోకిందనేవారు. కొంచెం పెద్దపిల్ల జ్వరంలో ఏదేదో పేలితే సంధి పుట్టిందనేవారు. ఈ పేర్లు విని నవ్వడం సులభమే. కాని ఆ పేర్లు పెట్టిన అమ్మమ్మలు గుడ్డివాళ్ళు కారు. జ్వరం, వాంతి, మూర్ఛ, చూపు నిలబడిపోవడం, మెడ వెనక్కి విరుచుకోవడం అన్నీ వాళ్ళు చూశారు. చూసినది నిజమే, కారణమే అందలేదు. ఐరోపాలో పెద్దచదువులు చదివిన వైద్యులకు కూడా పద్ధెనిమిదో శతాబ్దం నడిమి దాకా అంతకంటే ఎక్కువ అందలేదు.

ఎందుకు అందలేదంటే, కడుపునొప్పి అయితే కడుపు నొక్కి చూస్తారు, దగ్గు అయితే ఛాతీకి చెవి ఆనించి వింటారు. మెదడు గట్టి ఎముక డిప్పలో వుంటుంది. పైగా రోగి ఎవరు? మాటలు రాని పసివాడు. "తల పగిలిపోతోంది" అని పెద్దవాడు చెప్పగలడు. ఎనిమిది నెలల బిడ్డ ఏడవడం తప్ప ఏం చెప్పగలదు?

ఎడింబరో నగరంలో రాబర్ట్ విట్ అనే వైద్యుడు వుండేవాడు. "మెదడులో నీరు" చేరి చనిపోయే పిల్లలను ఆయన ఓపికగా పరిశీలించాడు. ఆయన చేతిలో వున్న సాధనం ఒక్కటే, నాడి. ఈ జబ్బులో మొదట నాడి వడిగా కొట్టుకుంటుంది, తరువాత నెమ్మదించి తడబడుతుంది, చివరి రోజుల్లో మళ్ళీ వడి అందుకుంటుంది అని మూడు దశలుగా రాసిపెట్టాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1768లో అచ్చయింది. ఆయన వర్ణించినది క్షయ వల్ల వచ్చే మెనింజైటిస్ అని మనకు ఇప్పుడు తెలుసు. క్షయక్రిమిని రాబర్ట్ కాఖ్ కనిపెట్టినది 1882లో. అంటే క్రిమి కంటబడడానికి నూరేళ్ళకు పైగా ముందే, వట్టి నాడి పట్టుకుని ఒక మనిషి ఆ జబ్బు నడకను సరిగ్గా రాశాడన్నమాట. ఆయన ఒక్క బిడ్డను కూడా బతికించలేకపోయాడు. అది వేరే సంగతి.

ఇక్కడ రెండు మాటల తేడా చెప్పాలి. మెదడును చుట్టి పలుచని పొరలు వుంటాయి. వాపు ఆ పొరలకు వస్తే మెనింజైటిస్. వాపు మెదడుకే వస్తే ఎన్‌సెఫలైటిస్. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. పొరలు వాచినప్పుడు మెడ బిగుసుకుంటుంది. దానిని పరీక్షించే పద్ధతులు ఇద్దరు డాక్టర్ల పేర్లతో ఈనాటికీ నిలిచాయి. రష్యాలో కెర్నిగ్ 1880లలో చెప్పినది మోకాలు చాపి చూడడం. పోలెండుకు చెందిన పిల్లల డాక్టరు బ్రుడ్జిన్‌స్కీ 1909లో చెప్పినది మెడ వంచితే మోకాళ్ళు తమంతట తామే ముడుచుకుంటాయా అని చూడడం. ఇందులో ఒక చిక్కు వుంది. ఏడాది లోపు బిడ్డకు మెనింజైటిస్ వున్నా మెడ మెత్తగానే వుండవచ్చు. అందుకని పిల్లల డాక్టరు ముందుగా బిడ్డ మాడు మీద వేళ్ళు పెట్టి చూస్తాడు. ఇంకా పూడని మాడు, బిడ్డ ఏడవకుండా కూర్చుని వున్నప్పుడు కూడా, పొంగి బిగువుగా వుంటే లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. నూనె రాసేటప్పుడు రోజూ మన చెయ్యి తగిలే చోటే అది.

అసలు మలుపు ఒక సూదితో వచ్చింది. జర్మనీలో కీల్ నగరంలో హైన్రిఖ్ క్విన్కె అనే వైద్యుడు, 1890 డిసెంబరులో, స్పృహలేని ఒక మగబిడ్డ నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సన్నని సూది గుచ్చి నీరు తీశాడు. బిడ్డకు ఏడాదీ తొమ్మిది నెలలు. మెదడు మీది ఒత్తిడి తగ్గించడం ఆయన వుద్దేశం. మరుసటి ఏడాది, 1891లో, వైద్యుల మహాసభలో ఆ సంగతి వివరించాడు. దాదాపు అదే రోజుల్లో లండనులో వింటర్ అనే డాక్టరు కూడా ఇటువంటి ప్రయత్నం చేశాడు. చికిత్స కోసం మొదలైన సూది కొద్ది ఏళ్ళలో రోగం కనిపెట్టే సాధనమైంది. మెదడు చుట్టూ తిరిగే నీరే వెన్నులోకీ దిగుతుంది కనుక, తల తెరవకుండానే తలలోని సంగతి తెలిసే దారి దొరికింది.

ఆ నీరు ఆరోగ్యవంతుల్లో మంచినీళ్ళలాగే తేటగా వుంటుంది. బాక్టీరియా చేరితే కుడితిలా మసకబారుతుంది. అందులో చీముకణాలు కనిపిస్తాయి, చక్కెర పడిపోతుంది. క్షయ అయితే కాసేపు కదపకుండా వుంచితే సాలెగూడు లాంటి సన్నని తెర కడుతుంది. వైరస్ అయితే నీరు తేటగానే వుండి కణాలు మాత్రం కొంచెం పెరుగుతాయి, చక్కెర తగ్గదు. ఏ మందు వేయాలో ఈ తేడాలే చెబుతాయి.

ఇంత మేలు చేసిన సూదికి మన ఇళ్ళలో చెడ్డపేరు వుంది. "వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయట" అనే మాట మీరూ వినే వుంటారు. సంతకం పెట్టవలసిన సమయానికి మేనత్తో పెదనాన్నో అడ్డుపడి బిడ్డను ఇంటికి తీసుకుపోయిన సందర్భాలు పిల్లల వార్డుల్లో పనిచేసిన నర్సులను అడిగితే చెబుతారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికి దిగువన. తీసేది కొద్ది చుక్కలు. పెద్దవాళ్ళలో ఆ నీరు రోజుకు అరలీటరు దాకా కొత్తగా వూరుతూనే వుంటుంది. తరువాత కాళ్ళు పడిపోయిన బిడ్డలు కొందరు వున్నారు, నిజమే. చాలావరకు అది లోపలి జబ్బు చేసిన పని. జబ్బు పాపం సూదికి చుట్టుకుంది. ఒక్క సంగతి మాత్రం వుంది. తలలో ఒత్తిడి మరీ పెరిగినట్టు గుర్తులు వున్నా, బిడ్డ పరిస్థితి నిలకడగా లేకపోయినా, డాక్టర్లే ఆగి ముందు స్కాన్ తీయిస్తారు.

రోగం తెలిసినంత మాత్రాన మందు వుండాలిగా! క్షయ మెనింజైటిస్ అని తేలితే 1944కు ముందు దాదాపు మరణశాసనమే. ఆ ఏడు స్ట్రెప్టోమైసిన్ సంగతి లోకానికి తెలిసింది. 1948 నాటికి ఇంగ్లండులో ఆ పిల్లల్లో కొందరు బతికి ఇళ్ళకు వెళ్ళారు. 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ఇంకా ఎక్కువమంది. మన దేశంలో బి.సి.జి. టీకా తొలిసారిగా వేసిన చోట్లలో మన మదనపల్లె ఒకటి, అదీ 1948లోనే. బిడ్డ పుట్టగానే ఎడమ భుజం మీద వేయించి, తరువాత చీము పట్టిందని కంగారుపడతామే, ఆ టీకా పెద్దవాళ్ళ వూపిరితిత్తుల క్షయను అంతగా ఆపలేదు కాని పసిపిల్లల మెదడుకు పాకే క్షయను బాగా అడ్డుకుంటుంది.

ఇక మన ప్రాంతపు కథకు వద్దాం. 1955లో వేలూరు మిషన్ ఆస్పత్రికి జ్వరం, మూర్ఛలు, మగతతో పిల్లలు రాసాగారు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచీ, దానిని ఆనుకుని వున్న ఆంధ్ర పల్లెల నుంచీ. నీరు పరీక్షిస్తే చీము లేదు, క్షయ లేదు. డాక్టర్ వెబ్, డాక్టర్ షీలా పెరైరా ఈ పిల్లల లక్షణాలను వరుసగా రాసుకుని, ఇది కీటకాలు మోసుకొచ్చే వైరస్ జ్వరమై వుండాలని 1956లో ప్రకటించారు. పేరు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. జపానులో 1924లో ఆరువేల మందికి పైగా సోకిన జబ్బు ఇదే. వైరస్‌ను అక్కడ 1935లో పట్టుకున్నారు. వరిమళ్ళ నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కొంగల నుంచీ, పందుల నుంచీ దీనిని తెచ్చి మన పిల్లలకు అంటిస్తుంది. పిల్లవాడి నుంచి పిల్లవాడికి అంటదు. మనిషి దగ్గర దాని దారి ఆగిపోతుంది. సోకిన వారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. మెదడు వాచిన వారిలో మాత్రం నూటికి 20 నుంచి 30 మంది చనిపోతారు. బతికిన వారిలో కూడా చాలామందికి చెయ్యో కాలో మాటో చదువో దెబ్బతింటుంది.

అప్పటి నుంచి మన పత్రికలకు "మెదడువాపు" అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్సే అయిపోయింది. దోమ, పంది, వరిమడి. కథ తెలిసిపోయిందనుకున్నాం.

2003 జూన్‌లో అది తప్పని తేలింది. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పిల్లలు వరుసగా పడిపోయారు. నిన్న సాయంత్రం దాకా వాకిట్లో ఆడుకున్న పిల్ల. రాత్రి జ్వరం, వాంతులు. తెల్లవారేసరికి మూర్ఛలు, ఆ తరువాత పిలిస్తే పలకదు. ఆస్పత్రిలో చేర్చిన కొద్ది గంటల్లో, మహా అయితే 48 గంటల్లో, అయిపోయేది. అనుమానం సహజంగానే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికి పోయింది. కాని కాలం సరిపోలేదు. ఆ జబ్బు వానలు బాగా పడి మళ్ళు నిండాక విజృంభిస్తుంది, ఇది ఎండాకాలం పోతూ పోతూ వుండగా వచ్చింది. పైగా జపనీస్ జబ్బులో బిడ్డ కొన్ని రోజులు పోరాడుతుంది. ఇక్కడ రోజు కూడా గడవలేదు.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వాళ్ళు నమూనాలు తీసుకుని వెళ్ళారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కాదని తేలింది. ఆరుగురు పిల్లల నమూనాల నుంచి ఒక వైరస్ పెరిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది తుపాకిగుండు ఆకారంలో, పిచ్చికుక్క కాటు వైరస్‌కు చుట్టంలా కనిపించింది. అది కొత్తది కాదు, పాతదే. 1965లో నాగపూరు దగ్గర చండీపుర అనే పల్లెలో జ్వరపడిన ఇద్దరి రక్తంలో దొరికి, వూరి పేరే పెట్టించుకుని, పెద్ద హాని చేయనిదిగా పుస్తకాల్లో పడివున్న వైరస్. దానిని మోసేది దోమ కంటే చిన్నదైన ఒక ఈగ. ఇంగ్లీషులో శాండ్‌ఫ్లై అంటారు. మట్టిగోడల బీటల్లో, పశువుల కొట్టాల తేమలో వుంటుంది. ఆ ఎండాకాలం, ఆ వానాకాలం కలిపి 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది చనిపోయారు. సగానికి పైన.

కథ అక్కడా ముగియలేదు. హైదరాబాదు పిల్లల డాక్టర్లు కొందరు స్కాన్లు చూసి వేరే మాట చెప్పారు. వెన్నునీటిలో వాపు గుర్తులు అంతగా లేవు, స్కాన్‌లో రక్తనాళం మూసుకుపోయి మెదడులో ఒక భాగానికి రక్తం అందనట్టు కనిపిస్తోంది, ఇది వాపు కాదు, పెద్దవాళ్ళకు వచ్చే పక్షవాతం లాంటి దెబ్బ అన్నారు. వేలూరుకు చెందిన ప్రసిద్ధ వైరాలజిస్టు డాక్టర్ జాకబ్ జాన్ కూడా 2004లో విదేశీ వైద్యపత్రికలో ఈ వాదం వినిపించారు. దీనికి "ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్" అని పేరు పెట్టారు. పుణె వాళ్ళు మాత్రం చనిపోయిన బిడ్డ మెదడులోనే వైరస్ ఆనవాళ్ళు చూపించారు. నన్నడిగితే రెండు పక్షాలూ తాము చూసినదే చెప్పాయి. స్కాన్ చూసినవాళ్ళకు దెబ్బ కనిపించింది, వైరస్ పెంచినవాళ్ళకు దెబ్బ కొట్టినది కనిపించింది. 2005, 2006లలో వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో చేరిన పిల్లలను ఒక పద్ధతిగా పరీక్షించినప్పుడు, నమూనాలు అందిన వారిలో దాదాపు సగంమందిలో చండీపురే తేలింది. ఆ మిగిలిన సగం ఏమిటి?

ఈ ప్రశ్న వల్లే కాబోలు, ఆ తరువాత ప్రభుత్వ లెక్కల్లో కొత్త పేరు స్థిరపడింది: అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్. ఉన్నట్టుండి జ్వరం, దానితో పాటు స్పృహ మారడమో కొత్తగా మూర్ఛలు రావడమో వుంటే ముందు ఆ పేరుతో రాస్తారు, అసలు కారణం తరువాత వెదుకుతారు. నిజాయితీగల పేరే. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా వుంది. కోలారులో 1981లో దొరికిన వైరస్‌తో హైదరాబాదులోనే 2013లో ఒక టీకా తయారైంది. చండీపురకు మాత్రం టీకా లేదు, విడిగా మందూ లేదు. 2024 వేసవి చివర గుజరాత్ వైపు ఇటువంటి కేసులు 245 వచ్చాయి, 82 మంది చనిపోయారు. వాటిలో చండీపుర అని పరీక్షలో తేలినవి 64.

క్రిమి ఏదీ లేకుండానే మెదడు వాచే సందర్భం కూడా వుంది. అది మనవాళ్ళకు తెలియకుండానే తెలుసు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు వేయించుకున్న తరం మనలో ఇంకా వుంది. కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. కొద్దిమందిలో, ఒంట్లోని రక్షణశక్తి ఆ గొర్రె మెదడు పదార్థం మీద విరుచుకుపడి, పోలిక వల్ల తన మెదడు మీద కూడా పడేది. కాళ్ళు పడిపోయేవి, స్పృహ తప్పేది. 2005 నాటికి మన దేశంలో ఆ మందు తయారీ మానేశారు. తట్టు వంటి జబ్బుల తరువాత కొందరు పిల్లలకు ఇలాగే వస్తుంది.

2007లో జోసెప్ డాల్‌మావ్ అనే వైద్యుడు అమెరికాలో ఇంకొకటి బయటపెట్టాడు. మొదట 12 మంది స్త్రీలలో, తరువాత చిన్నపిల్లల్లో కూడా కనిపించింది. చక్కగా వున్న పిల్ల వున్నట్టుండి మొండిగా, భయంగా మారుతుంది, నిద్రపోదు, మాటలు తగ్గిపోతాయి, నోరు చప్పరించినట్టు కదుపుతుంది, చేతులు వింతగా తిప్పుతుంది, మూర్ఛలు వస్తాయి. మన దగ్గర ఇటువంటి పిల్లను ఎక్కడికి తీసుకువెళతారో చెప్పనక్కరలేదు. వెన్నునీటిలో ఒక ప్రత్యేకమైన యాంటీబాడీ కోసం చూస్తే రోగం తేలుతుంది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్లు ఇస్తే చాలామంది నెలల మీద కోలుకుంటారు. స్కాన్ ఎంతో మామూలుగా వున్నా ఈ జబ్బు వుండవచ్చు. మళ్ళీ ఆ పాత సూదే దారి చూపుతుంది.

సరే, మొగుడంపల్లిలో రాత్రి రెండు గంటలకు ఒక బిడ్డకు మూర్ఛ వచ్చిందనుకుందాం. వేసవి సెలవులకు మన బిడ్డలే అమ్మమ్మ ఇంటికి అటువంటి వూరు వెళ్ళి వుండవచ్చు. జహీరాబాదు వెళ్ళాలి, అక్కడ నుంచి సంగారెడ్డి గాని, అటు బీదరు గాని, చివరికి నూరు కిలోమీటర్ల పైన వున్న హైదరాబాదు నీలోఫర్ గాని. ఆరునెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు వట్టి జ్వరం వల్ల వచ్చే మూర్ఛ మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గి, కాసేపటికి బిడ్డ తల్లిని గుర్తుపడుతుంది. అప్పుడు కూడా డాక్టరుకు చూపించవలసిందే. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా, ఆగాక బిడ్డ తెలివిలోకి రాకపోయినా ఇక తెల్లవారే దాకా కూర్చోకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. తాళంచెవులు, వుల్లిపాయ వాసన అంటూ నిమిషాలు పోగొట్టవద్దు.

దారిలో కొన్ని సంగతులు గుర్తుచేసుకుని వుంచుకోండి. డాక్టరు తప్పకుండా అడుగుతాడు. జ్వరం ఎన్ని గంటలకు మొదలయింది? వాంతి ఎన్నిసార్లు? మూర్ఛ ఒంటి మొత్తానికా, ఒక పక్కకేనా, ఎంతసేపు? ఆఖరిసారి పాలు ఎప్పుడు తాగింది, వుచ్చ ఎప్పుడు పోసింది? ఏడుపు మామూలు ఏడుపేనా, సన్నగా కీచుమంటోందా? ఒంటి మీద మచ్చలు లేచాయా? ఈ వారంలో ఎక్కడెక్కడికి వెళ్ళారు, ఇంటి పక్కన పశువుల కొట్టం వుందా, వరిమడి వుందా? టీకాల కార్డు చేతిసంచిలో పెట్టుకుని బయలుదేరండి.